పలకరింపుతో పాటు జవాబూ నేర్చుకోండి: ఇతర భాషల పలకరింపుల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకని జర్మనీ, పనికని దుబాయ్, కూతురి పురుటికని అమెరికా, ఉద్యోగమని బెంగళూరు, పుణె. వెళ్ళేముందు వీసా గురించి, టికెట్ గురించి, పచ్చళ్ళ ప్యాకింగ్ గురించి అందరూ వివరంగా అడుగుతారు. పలకరింపు గురించి అడిగేవాళ్ళు తక్కువ. దిగిన మొదటిరోజే అవసరమయ్యేది మాత్రం అదే. ఫోన్లలో తిరిగే పట్టికలు భాషకో మాట ఇచ్చి వదిలేస్తాయి. ఆ మాట ఎవరు ముందు అనాలి, ఎదుటివాళ్ళు అంటే తిరిగి ఏమనాలి, ఏ వేళకి అది పనికిరాదు అన్నవి వాటిలో ఉండవు. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

కొత్త భాషలో ముందు ఏ మాట నేర్చుకోవాలి?

ఎదుటివాళ్ళ పలకరింపుకి మనం తిరిగి చెప్పాల్సిన మాట. కొత్తగా వచ్చినవాళ్ళని చాలాచోట్ల అక్కడివాళ్ళే ముందు పలకరిస్తారు: వాచ్‌మన్, పక్కింటావిడ, ఆఫీసులో సీనియర్. మనం నవ్వి ఊరుకుంటే తప్పు పట్టరు గానీ మాట అక్కడితో ఆగిపోతుంది.

కొన్ని భాషల్లో జవాబు కూడా అదే మాట. పంజాబీలు "సత్ శ్రీ అకాల్" అంటే మనమూ అదే అనాలి. లద్దాఖ్‌లో "జూలే" అంటే "జూలే". థాంక్స్ చెప్పడానికీ, వెళ్ళొస్తాననడానికీ కూడా అక్కడ అదే మాట కాబట్టి లేహ్ వెళ్ళేవాళ్ళు ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు. కొన్నింట్లో జవాబు వేరు. గుజరాతీలు "కేమ్ ఛో?" అంటే "మజామా" అనాలి. రాజస్థాన్‌లో "ఖమ్మా ఘణీ" అంటే తిరగేసి "ఘణీ ఖమ్మా" అంటారు. టాంజానియాలో, కెన్యా తీరంలో స్వాహిలీ మాట్లాడే చిన్నవాళ్ళు పెద్దవాళ్ళతో "షికామో" అంటారు. దానికి పెద్దవాళ్ళ జవాబు "మరహబా". పిల్లలు వచ్చి కాళ్ళకి దణ్ణం పెడితే ఏదో ఒక దీవెన అనకుండా మనం ఊరుకోం కదా, అక్కడ ఈ మాటకి అంత విలువ. తల నెరిసినవాళ్ళు పనిమీద దార్ ఎస్ సలాం వెళ్తే ఈ జవాబు నేర్చుకునే వెళ్ళాలి.

నమస్తే, నమస్కారం: రెండిటికీ తేడా ఉందా?

అర్థంలో లేదు. సంస్కృతంలో "తే" అంటే "నీకు" కాబట్టి పెద్దలకి నమస్తే అనకూడదని కొందరు వాదిస్తారు. తెలుగు వాడుకలో ఆ "నీకు" ఎవరి చెవికీ వినపడదు, ఎవరూ చిన్నబుచ్చుకోరు. తేడా అంతా చనువులో ఉంది. "నమస్తే అన్నా" అన్నంత తేలిగ్గా "నమస్కారం అన్నా" నోటికి రాదు. గోదావరి జిల్లాల్లో "నమస్కారమండీ" అంటారు, ఆ "అండీ" లేకపోతే వాళ్ళకి ఏదో వెలితిగా ఉంటుంది.

పక్క రాష్ట్రాలకొస్తే, కన్నడ "నమస్కార", మలయాళం "నమస్కారం" మనకి నేర్చుకునే పనే లేదు. హిందీ ప్రాంతాల్లో ఏ వయసువాళ్ళకైనా "నమస్తే" చెల్లుతుంది, ఇంటి పెద్దలకి "ప్రణామ్" అంటారు. తమిళనాడులో మాత్రం "వణక్కం" అనండి. ఆ తర్వాత మాటలన్నీ తెలుగులోనో ఇంగ్లీషులోనో సాగినా సరే, ఆ ఒక్క మాటకి ఎదుటి మనిషి మొహం విచ్చుకుంటుంది.

తెలంగాణలో "శనార్థులు" అంటారు. ఎక్కడి మాట అది?

"శరణార్థి" అన్న మాట పలుకుబడిలో ఇలా మారిందని చెబుతారు. బసవన్న కాలం నుంచి వస్తున్న శివశరణుల సంప్రదాయంలో ఒకరికొకరు శరణు చెప్పుకోవడం ఉంది. ఉత్తర కర్ణాటకలో లింగాయతులు ఇప్పటికీ "శరణు శరణార్థి" అని పలకరించుకుంటారు. ఊళ్ళలో పెద్దవాళ్ళ నోట మిగిలిన ఈ మాట తెలంగాణ యాసలో వచ్చే టీవీ వార్తల వల్ల మళ్ళీ అందరికీ చేరింది. ఎవరైనా "శనార్థి" అంటే తిరిగి "శనార్థి" అనండి. "దండం పెడుతున్న", "దండాలు" కూడా అంతే మర్యాదైన మాటలు. ఆదిలాబాద్ గోండు గూడేలకి వెళ్తే "రామ్ రామ్" అని పలకరిస్తారు, అదే తిరిగి చెప్పండి.

"తిన్నారా?" అని పలకరించడం మన దగ్గరేనా, ఇంకెక్కడైనా ఉందా?

ఆసియాలో చాలా చోట్ల ఉంది. బెంగళూరులో "ఊట ఆయ్తా?" అంటారు. చెన్నైలో "సాప్టీంగళా?" మలేషియాలో "సుదా మకాన్?" థాయ్‌లాండ్‌లో "కిన్ ఖావ్ రు యంగ్?", అంటే అన్నం తిన్నావా లేదా అని. కొరియాలో "బాప్ మొగొస్సొయో?", అక్కడా బాప్ అంటే అన్నమే. చైనాలో పెద్దవాళ్ళు "చ్ర్ లె మా?" అంటారు. అక్కడ పాఠ్యపుస్తకాలు నేర్పే "నీ హావ్" తెలిసినవాళ్ళ మధ్య కాస్త బిగుసుకున్నట్టుంటుంది. బర్మాలో కూడా బడుల్లో, ఆఫీసుల్లో "మింగలాబా" అంటారు గానీ ఇరుగుపొరుగువాళ్ళు ఒకరినొకరు అడిగేది అన్నం తిన్నావా అనే. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్ళిన మనవాళ్ళు ఎందరో. ఆ రేవు పేరుతోనే అక్కడ మనవాళ్ళని "కోరంగీలు" అని పిలిచేవాళ్ళు. భాష కొత్తయినా ఈ ప్రశ్న మాత్రం వాళ్ళకి కొత్తగా అనిపించి ఉండదు.

జవాబు ఎక్కడైనా పొట్టిగానే ఉండాలి. "అయిందండీ, మీది?" అనడంతో సరి. కన్నడలో "ఆయ్తు, నిమ్ద్?" అంటే చాలు. మలేషియాలో "సుదా". నిజంగా తినకపోయినా ఈ జవాబే ఇస్తారు, దాన్ని అబద్ధంగా ఎవరూ లెక్కపెట్టరు. తినలేదంటే అడిగినవాళ్ళు కంగారుపడి వంటింట్లోకి వెళ్తారు.

ఒక జాగ్రత్త. ఇదే ప్రశ్న అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో మధ్యాహ్నం పూట సహోద్యోగిని అడిగితే, భోజనానికి పిలుస్తున్నారని అనుకుంటారు. పిలవదలచుకుంటే తప్ప అక్కడ అడగకండి.

మనం "వెళ్తాను" అనం, "వెళ్ళొస్తాను" అంటాం. మిగతా భాషల్లో కూడా ఇంతేనా?

దక్షిణాదిన అన్నిచోట్లా ఇంతే. తమిళంలో "పోయిట్టు వరేన్", కన్నడలో "హోగి బర్తీని", మలయాళంలో "పోయిట్టు వరాం". మరాఠీ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, వెళ్ళే మాటే ఎత్తరు. మగవాళ్ళు "యేతో", ఆడవాళ్ళు "యేతే" అంటారు. అంటే "వస్తాను" అని. బెంగాలీలో "ఆషి" కూడా అదే. గుజరాతీలో ఇంట్లోవాళ్ళు "ఆవ్‌జో" అని సాగనంపుతారు, మళ్ళీ రండి అని.

జపాన్‌లో ఇది రోజువారీ నియమం. ఇంట్లోంచి బయల్దేరే మనిషి గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ "ఇత్తె కిమాస్" అంటాడు, వెళ్ళి వస్తానని. లోపలున్నవాళ్ళు "ఇత్తె రష్షై" అంటారు, వెళ్ళి రమ్మని. సాయంత్రం తిరిగొచ్చి తలుపు తీస్తూనే "తదైమా", వచ్చేశానని. లోపల్నుంచి "ఒకాయెరి". ఈ నాలుగు మాటలూ బడికెళ్ళే పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అంటారు. "సయొనారా" ఒక్కటే నేర్చుకుని వెళ్ళేవాళ్ళకి తెలియాల్సిన సంగతి ఏంటంటే, రోజూ కలుసుకునేవాళ్ళ మధ్య ఆ మాట దాదాపు వాడరు. చాలాకాలం కలవని వీడ్కోలులా ధ్వనిస్తుంది.

కొన్ని భాషల్లో వెళ్ళేవాళ్ళు చెప్పేది ఒకటి, ఉండేవాళ్ళు చెప్పేది ఒకటి. మలయ్‌లో వెళ్ళే మనిషి "సెలామత్ తింగల్" అంటే, ఉండే మనిషి "సెలామత్ జలాన్" అంటాడు. కొరియాలో వెళ్ళేవాళ్ళతో "అన్యోంగి గసేయో", ఉండిపోయేవాళ్ళతో "అన్యోంగి గ్యేసేయో" అనాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తరచు తారుమారు చేసేది ఈ రెండే. ఎదుటివాళ్ళు కదులుతున్నారా, నిలబడి ఉన్నారా అన్నది చూసి అంటే తప్పు పడదు.

చావు జరిగిన ఇంటి నుంచి వచ్చేటప్పుడు ఏమనాలి?

తెలుగిళ్ళలో ఏమీ అనకూడదు. "వెళ్ళొస్తాం" అనకూడదు, మళ్ళీ అలాంటి పనిమీద రావాలని ఎవరూ కోరుకోరు కాబట్టి. ఇంటివాళ్ళూ "రండి" అని పిలవరు, "వెళ్ళి రండి" అని సాగనంపరు. చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని, చెప్పకుండా లేచి రావడమే పద్ధతి. ఇది తెలియని బయటి రాష్ట్రాల స్నేహితులు మనింటికి వస్తే ముందే మెల్లగా చెప్పి ఉంచండి. అలాగే వేరే మతం వాళ్ళ ఇంటికి వెళ్ళేటప్పుడు అక్కడి పద్ధతి ముందే ఎవరినైనా అడగండి. అడగడానికి మొహమాటపడే విషయం కాదు.

గల్ఫ్‌కి మొదటిసారి వెళ్తున్నాను. అరబ్బీలో ఏం తెలిసి ఉండాలి?

ఈ ప్రశ్న కరీంనగర్, నిజామాబాద్ నుంచీ వస్తుంది, కడప, గోదావరి జిల్లాల నుంచీ వస్తుంది. కాస్త వివరంగా చెబుతాను.

అన్నిటికన్నా ముందు "అస్సలాము అలైకుం". మీకు శాంతి కలగాలని అర్థం. జవాబు "వ అలైకుముస్సలాం". ఎవరైనా మిమ్మల్ని పలకరిస్తే, అంతకన్నా మంచి మాటతో, లేదా కనీసం అదే మాటతో బదులివ్వండని ఖురాన్ నాలుగో అధ్యాయంలో ఉంది. అందుకే అరబ్బుల జవాబు చాలాసార్లు పలకరింపు కన్నా పొడుగ్గా ఉంటుంది. "వ రహ్మతుల్లాహి వ బరకాతుహు" అని దయనీ దీవెననీ చేరుస్తారు. ఎవరు ముందు చెప్పాలో కూడా ప్రవక్త బోధల్లో ఉంది: వాహనం మీదున్నవాళ్ళు నడిచేవాళ్ళకి, నడిచేవాళ్ళు కూర్చున్నవాళ్ళకి, కొద్దిమంది ఎక్కువమందికి, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి. గదిలోకి మీరు అడుగుపెడితే మొదటి సలాం మీదే. లోపలున్నవాళ్ళు అనేదాకా ఎదురుచూడకండి.

పొద్దున "సబాహల్ ఖైర్" అంటారు, శుభోదయమన్నట్టు. దానికి జవాబు "సబాహన్నూర్", మీ ఉదయం వెలుగుతో నిండాలని. సాయంత్రం "మసాఅల్ ఖైర్", జవాబు "మసాఅన్నూర్". ఇవి డ్రైవర్లకి, షాపుల్లో పనిచేసేవాళ్ళకి రోజూ కావాల్సినవి. "మర్హబా", "అహ్లన్" ఏ వేళకైనా పనికొస్తాయి.

ఆ తర్వాత యోగక్షేమాలు. "కైఫ్ హాలక్?" అందరికీ తెలిసిన మాట. గల్ఫ్‌లో ఎక్కువగా వినపడేది "ష్లోనక్?" ఆడవాళ్ళతో అయితే "ష్లోనిచ్?" ఏది అడిగినా జవాబు "అల్‌హందులిల్లా". కాళ్ళు నొప్పులున్నా, నిద్ర లేకపోయినా ముందు ఆ మాట అన్నాకే మిగతాది. ఇంటివాళ్ళు ఎలా ఉన్నారని కూడా అడుగుతారు. మీరూ అడగొచ్చు. కానీ భార్య పేరు, కూతురి పేరు ఎత్తి అడగకండి. "ఇంట్లో అందరూ బాగున్నారా" అన్నట్టు అడిగితే చాలు.

ఇక చేతలు. కుడి చేత్తోనే చేయి కలపాలి. పెద్దవాళ్ళు గదిలోకి వస్తే లేచి నిలబడాలి. ఆడవాళ్ళకి మీరుగా చేయి చాచకండి. వాళ్ళు చాస్తే కలపండి, లేకపోతే కుడిచేయి గుండె మీద పెట్టుకుని తల కాస్త వంచండి. ఎమిరేట్స్, ఖతార్, ఒమన్ దేశస్థులు ఒకరి ముక్కుకి ఒకరు ముక్కు ఆనించుకోవడం మీరు చూస్తారు. అది వాళ్ళలో వాళ్ళకి ఉండే గౌరవం, మనం అనుకరించే పని లేదు. అప్పుడే వచ్చి అప్పుడే పని మాట ఎత్తడం మొరటుగా కనిపిస్తుంది. కఫీల్, అంటే మీ వీసాకి పూచీ ఉన్న యజమాని దగ్గర సెలవు అడగాల్సినప్పుడు కూడా సలాం, యోగక్షేమం అయ్యాక ఒక క్షణం ఆగి, అప్పుడు విషయం చెప్పండి. వెళ్ళేటప్పుడు "మఅస్సలామా".

నేను ముస్లింని కాను. "అస్సలాము అలైకుం" అనొచ్చా?

అనొచ్చు. గల్ఫ్‌లో మన హిందువులు, క్రైస్తవులు రోజూ అంటారు. మనస్ఫూర్తిగా అన్న మాటని ఎదుటివాళ్ళు అలాగే తీసుకుంటారు. ఇంకా సంకోచంగా ఉంటే "మర్హబా" అనండి, దానికి మతంతో సంబంధం లేదు.

హైదరాబాద్‌లో ఇంకో చక్కని దారి ఉంది: "ఆదాబ్". నిజాం కాలంలో ముస్లింలు, కాయస్థులు, మిగతా హిందువులు అందరూ వాడిన పలకరింపు. చేసే తీరు చూడండి. తల, భుజాలు కొంచెం ముందుకి వంచుతారు. కుడిచేయి కొద్దిగా దొప్పలా చేసి, అరచేయి తమ వైపు తిప్పుకుని, మెల్లగా నుదుటి దాకా ఎత్తుతారు. చూపు కిందికి ఉంటుంది. తొందరగా చేస్తే ఈగ తోలినట్టుంటుంది, నెమ్మదిగా చేస్తేనే అందం. జవాబుగా సమానులు "ఆదాబ్" అనో "తస్లీమ్" అనో అంటారు, పెద్దవాళ్ళు "జీతే రహో" అని దీవిస్తారు. పాతబస్తీలో కూడా ఇప్పుడు ఇది తగ్గిపోయింది. ఇది పోకూడదని నాకు గట్టిగా ఉంది. రెండు మతాలవాళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా పంచుకున్న మర్యాద ఇది. మీ ఇంటికి వచ్చే పాతతరం ఉర్దూ మాస్టారికో, పక్కింటి పెద్దాయనకో ఒకసారి చేసి చూడండి.

కూతురి దగ్గరికి అమెరికా వెళ్తున్నాను. అందరూ "హౌ ఆర్ యూ" అంటున్నారు. ఏం చెప్పాలమ్మా?

"గుడ్, హౌ ఆర్ యూ?" అనండి. అంతే. అక్కడ అది కుశలప్రశ్న కాదు, పలకరింపు. షాపులో బిల్లు వేసే అమ్మాయి అడిగిందని మోకాళ్ళ నొప్పుల సంగతి మొదలుపెడితే ఆ పిల్లకి ఏం చేయాలో తెలియదు. పార్కులో నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు ముక్కూమొహం తెలియకపోయినా నవ్వి "హాయ్" అంటారు, మీరూ నవ్వి "హాయ్" అనండి. ఆగి మాట్లాడక్కర్లేదు. ఇంగ్లండ్‌లో "యూ ఆల్‌రైట్?" అంటే మీ ఒంట్లో బాలేదేమో అని అడుగుతున్నారనుకోకండి, అదీ పలకరింపే.

ఇంకొక సంగతి. "గుడ్ నైట్" వీడ్కోలు మాట. రాత్రి తొమ్మిదింటికి ఎవరింటికైనా వెళ్ళినా గుమ్మంలో "గుడ్ ఈవినింగ్" అనే అనాలి.

జర్మనీలో మాస్టర్స్ చేయబోతున్నాను. "హలో" సరిపోదా?

తోటి విద్యార్థులతో సరిపోతుంది. మిగతాచోట్ల వేళని బట్టి "గూటెన్ మోర్గెన్", "గూటెన్ టాక్", "గూటెన్ ఆబెంట్". హాంబుర్గ్ వైపు పొద్దున్నుంచి రాత్రిదాకా "మోయిన్" అంటారు. మ్యూనిక్‌లో "గ్రూస్ గాట్", స్నేహితులైతే "సెర్వుస్". సరిహద్దు దాటి జూరిక్ వెళ్తే "గ్రూట్సీ".

మనవాళ్ళు తెలియక దాటేసేది ఒకటుంది. అక్కడ డాక్టర్ దగ్గర కూర్చునే గదిలోకి వెళ్ళారనుకోండి. ఐదారుగురు ఎవరి పేపర్ వాళ్ళు, ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటూ ఉంటారు. మనం ఇక్కడ అలవాటుగా మాట్లాడకుండా వెళ్ళి ఖాళీ కుర్చీలో కూర్చుంటాం. అక్కడ మాత్రం లోపలికి వస్తూ గదికంతా కలిపి ఒక "గూటెన్ టాక్" చెప్పాలి. తలెత్తకుండానే నలుగురైదుగురు గొణిగినట్టు బదులిస్తారు. మీ పేరు పిలిచాక లేచి వెళ్తూ "ఔఫ్ వీడర్‌జేయెన్" అనాలి. ఫోన్‌లో అయితే "ఔఫ్ వీడర్‌హోరెన్", మళ్ళీ విందామని. మధ్యాహ్నం ఆఫీసు వరండాల్లో "మాల్‌త్సైట్" వినపడితే అది భోజనవేళ పలకరింపు. మీరూ "మాల్‌త్సైట్" అనండి.

"నువ్వు, మీరు" తేడా మనకి పుట్టుకతో తెలుసు కాబట్టి "డు, జీ" తేడా ఇంగ్లీషువాళ్ళ కన్నా మనకి సులువు. వయసులోనో హోదాలోనో పెద్దవాళ్ళు తామే "డు అనొచ్చు" అని చెప్పేదాకా "జీ" అనండి. "వీ గేట్స్?", అంటే ఎలా ఉన్నారని ఎవరైనా అడిగితే మాత్రం అమెరికాలోలా కాదు, కాస్త నిజం చెప్పొచ్చు. వినడానికే అడుగుతారు.

ఫ్రాన్స్‌లో మనుషులు ముభావంగా ఉంటారట, నిజమేనా?

చాలాసార్లు మనం "బోన్‌జూర్" అనకపోవడమే కారణం. బేకరీలోకి వెళ్ళి రొట్టె పేరు చెప్పి డబ్బులు చాచడం అక్కడ మర్యాద కాదు. ముందు "బోన్‌జూర్ మదామ్", తర్వాత రొట్టె. బస్ డ్రైవర్‌కీ, దారి అడిగే ముందూ కూడా ఇంతే. సాయంత్రమైతే "బోన్‌స్వార్". బయటికొస్తుంటే వాళ్ళు "బోన్ జుర్నే" అంటారు, "మెర్సీ, వూ ఓసీ" అనండి. బుగ్గకి బుగ్గ ఆనించే పలకరింపు ఎన్నిసార్లన్నది ఊరిని బట్టి మారుతుంది, మీరుగా మొదలుపెట్టకండి. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న యానాం మన మధ్యే ఉంది, అక్కడి పాతతరంలో ఈ మాటలు విన్నవాళ్ళుంటారు.

కొరియా, జపాన్ కంపెనీల్లో పనిచేస్తున్నాం. ఆ మేనేజర్లని ఎలా పలకరించాలి?

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ, శ్రీసిటీలో ఇసుజు వచ్చాక ఈ ప్రశ్న మన జిల్లాల్లోనే పుట్టింది. కొరియావాళ్ళతో "అన్యోంగ్‌హసేయో" అని నడుం కొద్దిగా వంచండి. చివరి "హసేయో" వదిలేసి "అన్యోంగ్" అంటే అది "ఏరా" అన్నంత చనువు, పెద్దవాళ్ళతో అనకూడదు. కార్డో కాగితమో ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వండి.

జపాన్‌వాళ్ళతో పొద్దున "ఒహాయో గొజాయిమాస్". "కొన్నిచివా" బయటివాళ్ళతో అనే మాట, ఒకే ఆఫీసులో రోజూ కలిసేవాళ్ళతో అంతగా అనరు. వాళ్ళ మధ్య నడిచేది "ఒత్సుకరేసమ దెస్", కష్టపడ్డారు అన్న మెచ్చుకోలు. వరండాలో ఎదురైనా, ఫోన్ ఎత్తినా, మీటింగ్ అయిపోయినా అదే. మీరు ముందు ఇంటికి బయల్దేరుతుంటే "ఒసాకి ని షిత్సురేయ్ షిమాస్", అంటే మీకన్నా ముందు వెళ్తున్నందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి కదలాలి. మిగిలినవాళ్ళు "ఒత్సుకరేసమ దెషిత" అని పంపిస్తారు. ఇంకా పనిచేస్తున్నవాళ్ళని పట్టించుకున్నట్టు చెప్పడం అందులో ఉంది. మన ఆఫీసుల్లో బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయే అలవాటు చూసినప్పుడల్లా ఈ ఒక్కటి మనమూ తెచ్చుకుంటే బాగుండుననిపిస్తుంది.

థాయ్‌లాండ్‌వాళ్ళు అచ్చం మనలాగే దండం పెడతారు. అదీ నమస్కారమేనా?

దాన్ని "వై" అంటారు. నోటితో "సవాత్‌దీ" అంటారు. మగవాళ్ళు చివర "ఖ్రప్", ఆడవాళ్ళు "ఖా" చేర్చాలి. ఎదుటివాళ్ళని బట్టి కాదు, పలికే మనిషిని బట్టి. ఈ మాట పాతదేం కాదు. 1930లలో ఫ్రయా ఉపకిత్ సిలపసాన్ అనే భాషాపండితుడు సంస్కృత "స్వస్తి" నుంచి తయారుచేశాడు, 1940లలో ప్రభుత్వం దాన్ని దేశమంతా వ్యాప్తి చేసింది. మన శాసనాలు కూడా "స్వస్తి శ్రీ" అనే మొదలవుతాయి. చేతులు ఎంత ఎత్తులో జోడించాలన్నది గౌరవాన్ని బట్టి ఉంటుంది, పెద్దవాళ్ళకైతే వేళ్ళ కొసలు ముక్కు దాకా వెళ్తాయి. చిన్నవాళ్ళు ముందు పెట్టాలి. హోటల్లో పనివాళ్ళు పెడితే నవ్వి తల ఊపినా చాలు.

శ్రీలంకలో చేతులు జోడించి "ఆయుబోవన్" అంటారు. మన "ఆయుష్మాన్ భవ" లాంటిదే, కానీ పెద్దలు చిన్నవాళ్ళతోనే అనాలన్న నియమం లేదు. ఎవరైనా ఎవరితోనైనా అనొచ్చు.

దక్షిణాఫ్రికా, మారిషస్‌లో మనవాళ్ళున్నారు కదా, అక్కడ ఏమంటారు?

1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల పనికి డర్బన్ వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు ఉన్నారు. వాళ్ళ చుట్టూ వినపడేది జూలూ భాష. ఒక మనిషితో "సావుబోనా", పదిమంది ఉంటే "సానిబోనా". మిమ్మల్ని చూశాం అని దాని అర్థం. జవాబు "యేబో". చూడనట్టు పక్కనుంచి వెళ్ళిపోవడం ఆ సమాజంలో ఎంత తప్పో ఆ పలకరింపులోనే ఉంది. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంటుంది. తెలుగు మూలాలున్న కుటుంబాలు కూడా ఇంటాబయటా మాట్లాడేది క్రియోల్. "బోంజూర్, కీ మాన్యేర్?" అంటే బాగున్నారా అని.

ఫోన్‌లో అందరూ "హలో" అనే అంటారా?

లేదు. ఇటలీలో "ప్రోంతో", జపాన్‌లో "మోషి మోషి", మెక్సికోలో "బ్వేనో", చైనాలో "వేయ్". జర్మనీలో చాలామంది ఫోన్ ఎత్తగానే తమ ఇంటిపేరు చెబుతారు. ఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్‌కి "అహోయ్" అనాలని ఉండేది. "హలో" అందామని 1877 ఆగస్టు 15న ఒక ఉత్తరంలో రాసింది ఎడిసన్, ఆయన మాటే నిలిచింది. పెట్టేసేటప్పుడు మాత్రం మన తెలుగుకి సొంత పద్ధతి ఉంది. "ఉంటానండీ మరి" అని పెట్టేస్తాం.

"ప్రైజ్ ద లార్డ్", "జై భీమ్", "స్వామి శరణం" అని పలకరిస్తే, నేను ఆ బృందంలో లేకపోతే ఏమనాలి?

వీలైతే అదే మాట తిరిగి చెప్పండి. అయ్యప్ప మాలలో ఉన్న మనిషి "స్వామి శరణం" అంటే "స్వామి శరణం" అనడానికి మాల వేసుకుని ఉండక్కర్లేదు. "జై భీమ్" అన్నది ఆత్మగౌరవాన్ని చెప్పే పలకరింపు, దానికి "జై భీమ్" అనడంలో ఎవరికీ పోయేదేం లేదు. మనసొప్పకపోతే "నమస్తే అండీ", "వందనాలండీ" అనండి. మౌనంగా ఉండిపోవడం ఒక్కటే నొప్పిస్తుంది.

పలికేటప్పుడు తప్పు పోతే నవ్వుతారేమో?

నవ్వితే నవ్వనీయండి, వెంటనే సరిగ్గా ఎలా అనాలో చెబుతారు. మన ఊళ్ళో ఒక ఒడియా మేస్త్రీయో బిహారీ కుర్రాడో వచ్చీరాని తెలుగులో "బాగున్నారా సార్" అంటే మనం తప్పులు లెక్కపెట్టం కదా. ఆ మేస్త్రీని మీరే ముందు "నమస్కార్, కెమితి అఛంతి?" అని పలకరించండి. నేర్చుకోవడానికి విమానం ఎక్కనక్కర్లేదు.

అమెరికాలో పుట్టిన మనవళ్ళు "హాయ్ తాతా" అంటున్నారు. ఏం నేర్పాలి?

"నమస్తే" అను, "నమస్తే" అను అని వీడియో కాల్‌లో బలవంతపెడితే రెండోసారి ఫోన్ దగ్గరికి రారు. ముందు మీరు "బాగున్నావా నాన్నా?" అని రోజూ ఒకే తీరుగా అడగండి. "బాగున్నాను తాతయ్యా, మీరు?" అన్నది నేర్పండి. కొన్నాళ్ళకి అది అలవాటవుతుంది. తర్వాత "తిన్నావా?", "తిన్నాను, మీరు తిన్నారా?" కాల్ పెట్టేసేముందు "ఉంటాను తాతయ్యా", దానికి మీరు "మంచిది నాన్నా, చిరంజీవ". ఈ మూడు జతలూ వచ్చేదాకా నాలుగోది మొదలుపెట్టకండి. పిల్లలు "హాయ్ తాతా" అంటే మీరూ "హాయ్ నాన్నా" అనండి.